కబురు రాని రోజుల్లో ఓపిక పట్టడమంటే ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: దరఖాస్తు పెట్టి, ఇంటర్వ్యూ కూడా అయిపోయి ఎనిమిది నెలలైంది. నిర్ణయం రాలేదు. అడిగితే "ప్రాసెస్‌లో ఉంది" అంటున్నారు. ఇంట్లోవాళ్ళు ఓపిక పట్టమంటున్నారు. "సరే, పడతాను. కానీ ఓపిక పట్టడమంటే పొద్దున లేచి ఏం చేయాలి?" అన్నారు. కబురు వస్తుందేమోనని మీ అక్క దగ్గరికి వెళ్ళాల్సిన ప్రయాణం రెండుసార్లు వాయిదా వేశానని కూడా చివర్లో ఒక ముక్క రాశారు. ఆ ముక్క దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఈ విషయంలో నాకు రెండు వైపుల అనుభవమూ ఉంది. 22 ఏళ్ళు దరఖాస్తుల మీద నిర్ణయాలు పంపే విభాగంలో పనిచేశాను. అంటే జనం ఎవరి కబురు కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తారో, ఆ బల్ల వెనక కూర్చున్నాను. ఆ తర్వాత నాకే ఒక అప్పీలు మీద తీర్పు కోసం 14 నెలలు చూడాల్సి వచ్చింది. బల్ల వెనక అన్నేళ్ళు కూర్చున్న అనుభవం ఆ 14 నెలల్లో మొదటి ఆరు నెలలు నాకు పిసరంత కూడా అక్కరకు రాలేదు. అందుకని ఇది పెద్ద తెలివైనవాడి సలహాగా కాకుండా, దెబ్బ తిన్నవాడి మాటగా చదవండి.

ముందు బల్ల వెనక సంగతి చెబుతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నాకు బాగా తెలిసిన వాక్యం ఒకటి కనిపించింది: "ఇన్నాళ్ళు చెప్పలేదంటే రాలేదనే అర్థం కదా?"

కాదు. ఒకసారి ఏం జరిగిందో చెబుతాను. ఒకాయన ఫైలు మీద రెండో నెలలోనే అనుకూలంగా నిర్ణయమైపోయింది. సంతకమూ అయింది. కానీ ఆయన ఫైలు చివరి కాగితం, పక్క ఫైలు గుండుసూదికి తగులుకుని దానితోపాటే వెళ్ళిపోయింది. ఆ పక్క ఫైలు ఏదో అభ్యంతరం మీద ఆగిపోయింది, దాని పొట్టలో ఈయన కాగితమూ ఆగిపోయింది. ఐదు నెలలు. దొరికాక ఆయన్ని పిలిపించి చేతికిస్తే, ఆయన దాన్ని చదవకుండా ముందు నన్ను అడిగిన మాట: "ఇంటర్వ్యూలో రెండో ఆయనకి నా మీద కోపం వచ్చిందని నాకు తెలుసండీ, మరి ఎలా ఒప్పుకున్నారు?" ఐదు నెలలు కూర్చుని ఆయన ఒక కథ అల్లుకున్నాడు. అందులో ఒక పగవాడున్నాడు, తాను అన్న ఒక తప్పు మాట ఉంది, ఆ మాట విని ఎవరో మొహం చిట్లించిన దృశ్యం ఉంది. అసలు కథలో ఉన్నది ఒక్క గుండుసూది.

నా 22 ఏళ్ళలో ఆలస్యాలకు నేను చూసిన కారణాలు దాదాపు అన్నీ ఈ బాపతే. సంతకం పెట్టాల్సినవారు సెలవులో ఉంటారు. ఒక్కొక్కరికి పంపకుండా అందరివీ కలిపి ఒకేసారి పంపుదామనుకుంటారు, ఆ అందరిలో ఒకరిది తేలదు. కొత్తగా వచ్చిన అధికారి పాతవాటిని మళ్ళీ మొదటినుంచి చూస్తానంటారు. ఏడాది ముగింపు లెక్కలు అడ్డొస్తాయి. వీటిలో ఒక్కదానికైనా మీ యోగ్యతతో సంబంధం ఉందా చూడండి. మౌనం ఆ కార్యాలయం పని ఎలా నడుస్తోందో చెబుతుంది, మీ జవాబేమిటో చెప్పదు. మీరు పట్టాల్సిన ఓపికలో ముఖ్యమైన భాగం ఇదేనని నా నమ్మకం. ప్రశాంతంగా ఉండటం తర్వాతి మాట. ముందు మౌనాన్ని చదవడం మానాలి. అక్కడ అక్షరాలు లేవు.

దీనికి ఒక పెద్ద మినహాయింపు ఉంది, దాన్ని దాటేయకండి. వైద్య పరీక్షల ఫలితాలు. "ఏమీ చెప్పలేదంటే బాగానే ఉన్నట్టే" అనుకుని ఎవరూ కూర్చోకూడదు. రిపోర్టులు తప్పిపోతాయి, ఒక డాక్టరు చూశారని ఇంకో డాక్టరు అనుకుంటారు. చెప్పిన రోజుకి ఫలితం రాకపోతే మరుసటి రోజే మీరే అడగాలి, కాగితం మీ కళ్ళతో చూడాలి. అక్కడ ఓపిక పడితే ప్రమాదం. నిదానమే ప్రధానం అన్నవాళ్ళే ఆలస్యం అమృతం విషం అని కూడా అన్నారు. రెండూ సరైనవే, ఏది ఎక్కడ వాడాలో తెలియాలంతే.

మిగతా విషయాల్లో అడగడం ఎలా అన్నది కూడా చెప్పాలి. ఎందుకంటే ఓపిక అంటే నోరు మూసుకుని ఉండటమని చాలామంది అనుకుంటారు, కాదు. మా విభాగానికి వచ్చే ఫోన్లలో నూటికి తొంభై ఒకటే ప్రశ్న: "మాది వచ్చిందాండీ?" దానికి ఒకటే జవాబు: "ఇంకా లేదండీ." ఫోన్ పెట్టేసేవాళ్ళు. ఇద్దరికీ ఏమీ ఒరిగేది కాదు. అప్పుడప్పుడు ఒకరు వేరేలా అడిగేవారు: "నా ఫైలు ఇప్పుడు ఏ దశలో ఉంది? నా వైపు నుంచి ఇవ్వాల్సిన కాగితం ఏదైనా మిగిలి ఉందా? నేను మళ్ళీ ఎప్పుడు అడిగితే మీకు కొత్త సంగతి తెలిసే అవకాశం ఉంది?" ఈ మూడు ప్రశ్నలకీ జవాబు చెప్పాలంటే నేను లేచి ఫైలు తీయాల్సిందే. నిజం చెబుతున్నాను, ఆ గుండుసూది కాగితం దొరికింది కూడా ఇలా ఎవరో అడిగినప్పుడే. అడిగింది ఆ కాగితం తాలూకు మనిషి కూడా కాదు, పక్క ఫైలాయన.

కాబట్టి మీరు ఈ వారంలో ఒక ఉత్తరమో మెయిలో రాయండి. ఆ మూడు ప్రశ్నలే, పైన మీ దరఖాస్తు నంబరు, తారీఖు. కోపం వద్దు, ప్రాధేయపడటమూ వద్దు. రాసిన తారీఖు ఒక చోట వేసుకోండి. జవాబు రాకపోతే సరిగ్గా నాలుగు వారాలకు మళ్ళీ రాయండి, పాత ఉత్తరం కింద జతచేసి. ఈ మధ్యలో ఉన్న 27 రోజులు మీరు అడగరు. ఆ 27 రోజులే మీకు దొరికిన సెలవు.

ఇప్పుడు నా 14 నెలల సంగతి.

తీర్పు ఏ రోజైనా వెబ్‌సైటులో పెట్టవచ్చన్నారు. ఆ "ఏ రోజైనా" అన్న మాట నా ప్రాణం తీసింది. పొద్దున కళ్ళు తెరవకముందే చెయ్యి ఫోన్ కోసం తడిమేది. బొటనవేలితో తెరను కిందికి లాగడం, ఆ చిన్న గుండ్రం గిర్రున తిరగడం, అదే పాత పేజీ మళ్ళీ రావడం. తాళం వేస్తూ ఒకసారి, మెట్లు దిగుతూ ఒకసారి, ఎవరితోనో మాట్లాడుతూ బల్ల కింద ఒకసారి. మధ్యాహ్నం మూడింటికల్లా చార్జింగ్ అయిపోయేది. ఫోన్ పాతబడిందని కొన్నాళ్ళు దాన్ని తిట్టాను. మా ఆవిడ ఒకరోజు ఒక పాత కవరూ పెన్సిలూ నా ముందు పెట్టి, "చూసినప్పుడల్లా దీని మీద ఒక గీత గీయండి, అంతే, మానమని నేను అనను" అంది. రాత్రికి లెక్కపెడితే 61 గీతలు. కవరు వెనకవైపు సగం నిండిపోయింది. నేను పది పన్నెండు ఉంటాయనుకున్నాను.

ఇలా ఎందుకు అవుతుందో తర్వాత చదివి తెలుసుకున్నాను. బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలు, ఎలుకలతో చేసిన ప్రయోగాల్లో తేలిన విషయం ఇది: మీట నొక్కిన ప్రతిసారీ గింజ పడితే, గింజలు ఆపేయగానే ప్రాణి త్వరగానే నొక్కడం మానేస్తుంది. ఎన్నిసార్లకు పడుతుందో తెలియకుండా ఎప్పుడో ఒకసారి పడితే మాత్రం, ఆపేశాక కూడా నొక్కుతూనే ఉంటుంది. మన ఫోన్ సరిగ్గా ఆ మీట. తొంభైతొమ్మిది సార్లు ఏమీ ఉండదు, కానీ నూరోసారి ఉండొచ్చు. పైగా మనం లాగినా లాగకపోయినా గింజ పడే క్షణం మారదు. అది తెలిసినా చెయ్యి ఆగదు.

నేను చేసింది ఏమిటంటే, రోజుకి రెండుసార్లు. పొద్దున పదకొండుకి, సాయంత్రం ఐదున్నరకి. ఆ కార్యాలయం రాత్రిపూట ఏదీ పెట్టదు కాబట్టి రాత్రి చూడటానికి అర్థమే లేదు. వెబ్‌సైటు గుర్తును ఫోన్ మొదటి తెర నుంచి తీసేసి, తెరవాలంటే పూర్తి చిరునామా టైపు చేయాల్సి వచ్చేలా పెట్టుకున్నాను. మొదటి నాలుగు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. అయిదో రోజు పదకొండున్నరకి గుర్తొచ్చింది, పదకొండుకి చూడటం మర్చిపోయానని. అంత సంబరం నాకు తర్వాత తీర్పు వచ్చినప్పుడు కూడా కలగలేదేమో.

"నేను మరీ బలహీనుణ్ణేమో, చెడ్డ కబురైనా సరే వచ్చేస్తే బాగుండు అనిపిస్తోంది" అని రాశారు. బలహీనత కాదండీ. 2016లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 45 మందితో ఒక ప్రయోగం చేశారు. కంప్యూటర్ ఆటలో రాళ్ళు తిరగేయాలి. రాయి కింద పాముంటే చేతికి చిన్న షాక్ కొడుతుంది. ఏ రాయి కింద పాము ఉండే అవకాశం ఎంతో ఆడుతూ ఊహించుకోవాలి. చెమట, కంటిపాప విస్తరించడం కొలిచి ఒత్తిడిని లెక్కగట్టారు. షాక్ తప్పదని తెలిసినప్పటి కంటే, కొడుతుందో కొట్టదో సగం సగం అన్నప్పుడే ఒత్తిడి ఎక్కువగా ఉంది. అంటే చెడు ఖాయమైతే ఒళ్ళు ఎలాగోలా సర్దుకుంటుంది, ఎటూ తేలకపోతేనే నిప్పుల మీద కూర్చున్నట్టుంటుంది. మీరు చెడ్డ కబురు కోరుకోవడం లేదు, తేలడం కోరుకుంటున్నారు.

ఈ ఎదురుచూపు మీదే ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి ఒకరున్నారు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్‌లో కేట్ స్వీనీ. అక్కడ న్యాయవాదులయ్యేవాళ్ళు బార్ పరీక్ష జులైలో రాస్తే ఫలితాలు నవంబరులో వస్తాయి. ఆ నాలుగు నెలలూ వాళ్ళు ఎలా గడిపారో ఆమె బృందం వెంటపడి గమనించింది. వాళ్ళు తేల్చినవాటిలో నాకు బాగా నచ్చినది చాలామందికి నచ్చకపోవచ్చు: ఆందోళన తగ్గించుకోవడానికి జనం మామూలుగా వేసే ఎత్తులు (దాని గురించి ఆలోచించకుండా ఉండటం, ఫెయిలైనా మంచిదేలే అని ముందే సర్దిచెప్పుకోవడం, ఆశ పెంచుకోవడం) పెద్దగా పనిచేయలేదు. పైగా ఆ నెలలు బాగా కుతకుతలాడినవాళ్ళు, ఫలితం వచ్చాక చెడ్డదైతే తట్టుకోవడంలోనూ మంచిదైతే ఆనందించడంలోనూ నిశ్చింతగా ఉన్నవాళ్ళ కంటే మెరుగ్గా ఉన్నారు. కాబట్టి మీరు రోజూ పడుతున్న అవస్థ మొత్తం దండగ అనుకోకండి. ఇంకో సంగతి, ఆందోళన మొదట్లో ఎక్కువ, మధ్యలో తగ్గుతుంది, ఫలితం దగ్గరపడగానే మళ్ళీ ఎగుస్తుంది. మీ బాధేమిటంటే, మీకు తారీఖు లేదు కాబట్టి ప్రతిరోజూ "దగ్గరపడిన రోజే". ఎనిమిది నెలలుగా మీరు ఫలితాల ముందు రోజులోనే బతుకుతున్నారు.

అందుకని మీకు తారీఖు ఒకటి కావాలి. వాళ్ళివ్వకపోతే మీరే పెట్టుకోవాలి, అదీ దూరంగా పెట్టుకోవాలి. 2010 ఆగస్టు 5న చిలీలో శాన్ హొసే గని కూలి 33 మంది లోపల చిక్కుకున్నారు. వాళ్ళు బతికే ఉన్నారన్న చీటీ 17 రోజుల తర్వాత పైకి వచ్చింది. ఇక బయటికి తీయడానికి ఎంతకాలం పడుతుందో వాళ్ళకి చెప్పాలా వద్దా అన్న తర్జనభర్జన నడిచింది. చివరికి, సెప్టెంబరు 18 నాటి జాతీయ పండుగకి మాత్రం కాదు, క్రిస్మస్‌లోగా తీయగలమని ఆశ అని చెప్పారు. లోపలివాళ్ళు ఆ దూరానికి తగ్గట్టే రోజులను సర్దుకుని, పనులు పంచుకున్నారు. అక్టోబరు 13న, 69వ రోజున, అందరూ బయటపడ్డారు. రేపో మాపో అని చెప్పి ఉంటే ఆ 69 రోజులు ఎలా గడిచేవో ఊహించండి.

దీనికి ఎదురు ఉదాహరణ ఒకటుంది, నిజాయితీగా అదీ చెప్పాలి. 1916లో అన్వేషకుడు షాకల్టన్ నడిపిన దక్షిణధ్రువ యాత్ర బృందంలో 22 మంది ఎలిఫెంట్ దీవి మీద నాలుగు నెలలకు పైగా, ఏప్రిల్ 24 నుంచి ఆగస్టు 30 దాకా, సాయం కోసం చూశారు. అక్కడ వాళ్ళ నాయకుడు ఫ్రాంక్ వైల్డ్, సముద్రంలో మంచు విడిపోయి కనిపించిన పొద్దుల్లో తన పడక చుట్టేసి, సామాన్లు సర్దుకోండి, సాయం తేవడానికి వెళ్ళిన షాకల్టన్ ఈరోజు రావచ్చు అనేవాడు. అలాంటి ప్రతి పొద్దూ ఈరోజే! అయినా అందరూ బతికారు. దీన్ని చూపించి "ఆశ వదలకూడదు" అనేవాళ్ళున్నారు. కానీ ఆ మనుషులకి వేరే జీవితం లేదక్కడ. తిరగేసిన పడవ కింద చలిలో పడి ఉన్నవాడికి లేచి పడక చుట్టడమే ఒక పని, ఒక కట్టుబాటు. మీకు అక్కుంది, పనుంది, ఇల్లుంది. మీరు రోజూ పడక చుట్టుకుని గుమ్మంలో కూర్చుంటే అవన్నీ ఆగిపోతాయి. ఆగిపోయాయి కూడా.

నాకు ఇంకా నచ్చిన పద్ధతి నాసా వాళ్ళది. 2023 జులై 21న వాయేజర్-2 అంతరిక్ష నౌకకు పంపిన ఆదేశాల్లో పొరపాటు వల్ల దాని యాంటెన్నా భూమి నుంచి 2 డిగ్రీలు పక్కకు తిరిగిపోయింది. మాట ఆగిపోయింది. అక్కడికి సంకేతం చేరడానికే 18 గంటలకు పైగా పడుతుంది, జవాబు రావడానికి మళ్ళీ అంత. వాళ్ళు గట్టిగా ఒక సంకేతం పంపి 37 గంటలు చూశారు. ఆగస్టు 4న నౌక పలికింది. ఇందులో నేను చూసేది ఆ విజయాన్ని కాదు. ఒకవేళ పలకకపోయినా, అక్టోబరు 15న నౌక తనంతట తానే దిశ సరిచూసుకునేలా ముందే ఏర్పాటు ఉంది. అంటే వాళ్ళ ఎదురుచూపుకి అడుగున నేల ఉంది. ఇది తప్పితే అది, ఫలానా తారీఖున.

మీరూ అలాంటిది కాగితం మీద రాసుకోండి. "ఫలానా నెల ఫలానా తారీఖు వరకు ఇది వస్తుందని లెక్కపెట్టుకోను. ఆ రోజుకీ రాకపోతే ఫలానా పని మొదలుపెడతాను." ఆ ఫలానా పని నిజమైనది కావాలి. వేరే చోట దరఖాస్తు, పై అధికారికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు, ఏదైనా. తేలని పనులు బుర్రలో జోరీగల్లా తిరుగుతుంటాయి. మసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో చూపించింది ఇదే, పని పూర్తికాకపోయినా సరే, ఎప్పుడు ఎలా చేస్తామో గట్టిగా రాసుకుంటే ఆ రొద చాలావరకు తగ్గుతుంది. నేను మాత్రం ఇది చదవకముందే, వేరే గత్యంతరం లేక చేశాను.

ఆలోచనల మాటకొస్తే, వాటిని తొక్కిపెట్టకండి. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరిని అయిదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి మాత్రం ఆలోచించకండి, వస్తే గంట కొట్టండి అన్నాడు. గంట మోగుతూనే ఉంది. తొక్కిపెట్టడం కంటే వాయిదా వేయడం తేలిక. 1983లో థామస్ బోర్కోవెక్, ఆయన సహచరులు పరీక్షించి చూసిన పద్ధతి ఒకటుంది: రోజూ ఒకే చోట, ఒకే వేళకి అరగంట కూర్చుని తనివితీరా చింతపడటం. మిగతా వేళల్లో చింత వస్తే "నీకు ఆరింటికి టైమిచ్చాను, అప్పుడు రా" అనడం. వినడానికి హాస్యంగా ఉంటుంది. నేను పెరటి మెట్టు మీద నోటుపుస్తకంతో కూర్చునేవాణ్ణి. మొదటి వారం మూడేసి పేజీలు రాశాను. తర్వాత తర్వాత అరగంట నింపడానికి చింత చాలక, గీసిన బొమ్మలే ఎక్కువ.

ధ్యానం గురించి అడిగారు. స్వీనీ బృందం పరీక్షలో వారానికి ఒక్కసారి పావుగంట చేసినవాళ్ళకి కూడా కొంత మేలు కనిపించింది. నాకు కుదరలేదు. కళ్ళు మూసుకుంటే ఆ వెబ్‌సైటు పేజీయే కనిపించేది. నాకు పనికొచ్చింది పాత పుస్తకాల బైండింగ్. ఊడిపోయిన కాగితాలను పదహారేసి పేజీల కట్టలుగా సర్ది, వెన్నుకి సమానదూరంలో అయిదు రంధ్రాలు చేసి, మైనం రాసిన దారంతో ఒక కట్ట నుంచి ఇంకో కట్టకి ముడి వేసుకుంటూ పోవాలి. దారం మరీ లాగితే కాగితం చిరుగుతుంది, వదులైతే పుస్తకం వాలిపోతుంది. ఒక్క రంధ్రం లెక్క తప్పితే మొత్తం విప్పాలి. తేలికైనదైతే మనసు పక్కకి జారుకుంటుంది, మరీ కష్టమైతే చిరాకు. మీ చేతికి, మీ బుర్రకి సరిగ్గా సరిపడే పని వెతుక్కోండి. టీవీ చూడటం ఆ లెక్కలోకి రాదు, ఫోన్ చేతిలోనే ఉంటుంది కాబట్టి.

ఇక్కడ మన మాట గురించి ఒక ముచ్చట. మనం "నాకు ఓపిక లేదు" అంటే సహనం లేదనీ అర్థం, ఒంట్లో సత్తువ లేదనీ అర్థం. జ్వరం తగ్గినవాడు "మెట్లెక్కే ఓపిక లేదు" అంటాడు. అది ఊరికే వచ్చిన వాడుక కాదని నాకు ఆ 14 నెలల్లో తెలిసింది. నిద్ర లేని రోజున నాకు రెండు అర్థాల్లోనూ ఓపిక ఉండేది కాదు. సాయంత్రం నడిచి వచ్చిన రోజున రెండు అర్థాల్లోనూ ఉండేది. మిమ్మల్ని ఓపిక పట్టమనేవాళ్ళు దాన్ని ఒక సద్గుణంలా మాట్లాడతారు, ఉన్నవాడికి ఉంటుంది లేనివాడికి లేదన్నట్టు. అది రోజూ ఖర్చయ్యేది, రోజూ నింపుకోవాల్సింది. రాత్రి పదకొండింటికి మీకు కలిగే నిరాశని మీ జాతకం అనుకోకండి. పడుకోండి.

చుట్టాల సంగతి. "ఏమైనా తెలిసిందా?" అన్న ప్రశ్న రోజుకి నాలుగుసార్లు వినడం కంటే కష్టమైనది లేదు. వాళ్ళు ప్రేమతోనే అడుగుతారు, మీకు మాత్రం అడిగినప్పుడల్లా పుండు మీద గీరినట్టు ఉంటుంది. నేను అందరికీ ఒకే మాట పంపాను: "తెలిసిన గంటలో మీకు నేనే చెబుతాను. అప్పటిదాకా ఆ ఒక్కటీ తప్ప ఏదైనా అడగండి." ఒకరిద్దరు నొచ్చుకున్నారు, వారంలో మర్చిపోయారు.

ఒక మాట మీ కోసం కాదు, ఇది చదివే ఇంకెవరికోసమైనా. ఎదురుచూస్తున్నది తప్పిపోయిన మనిషి కబురైతే పైన చెప్పిన తారీఖు లెక్కలు పనిచేయవు. 1970ల్లో పాలిన్ బాస్ అనే పరిశోధకురాలు, వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన పైలట్ల కుటుంబాలతో మాట్లాడి, ఆ స్థితికి ఒక పేరు పెట్టారు. స్పష్టత లేని నష్టం అని చెప్పుకోవచ్చు. అక్కడ తేల్చుకోమని, మర్చిపొమ్మని ఒత్తిడి చేయడమే తప్పని ఆమె వాదన. ఉన్నాడు, లేడు అన్న రెండు ఊహలనూ ఒకే గుండెలో మోస్తూ బతకడం నేర్చుకోవాల్సి ఉంటుంది. అలాంటి వారికి నా బైండింగ్ సలహాలు సరిపోవు, అనుభవమున్న కౌన్సెలర్ తోడు కావాలి.

నా తీర్పు వచ్చిన రోజున నేను పొద్దున పదకొండుకి చూడలేదు. దారం మధ్యలో ఆపితే ముడి జారుతుందని ఆ కట్ట పూర్తిచేసి, ఒంటిగంటకి చూశాను. రెండు గంటలుగా అక్కడే ఉంది. సగం అనుకూలం, సగం కాదు. నేను ఊహించుకున్న ఏ రూపంలోనూ లేదు. తమాషా ఏమిటంటే, ఆ తర్వాత కూడా వారం పది రోజులు పదకొండు కొట్టగానే చెయ్యి ఫోన్ మీదికి పోయేది.

మీ అక్క దగ్గరికి ప్రయాణం రెండుసార్లు ఆపారు కదా. మీరు అక్కడ ఉన్న రోజుల్లో కబురు వచ్చిందనుకోండి, సంతకం పెట్టాలన్నా, కాగితాలు ఇవ్వాలన్నా గడువు ఇస్తారు. మా విభాగంలో ఎవరినీ అదే రోజు రమ్మనడం నేను చూడలేదు. అయినా సందేహమైతే మీరు రాయబోయే ఉత్తరంలో నాలుగో ప్రశ్నగా అదీ చేర్చండి: "నిర్ణయం తెలిపాక స్పందించడానికి ఎన్ని రోజులు ఉంటాయి?" ఉత్తరం రాసిన రోజే టికెట్ తీసుకోండి. ఫోన్ ఎలాగూ మీ జేబులోనే వస్తుంది.